తొండం చాచిన దారిలో భిలాయ్

సెలవు రోజున భిలాయ్ మైత్రీబాగ్‌కు వచ్చే కుటుంబాలు ముందుగా వెతికేది తెల్లపులి బోనునే. భారత్-సోవియట్ స్నేహానికి గుర్తుగా భిలాయ్ ఉక్కు కర్మాగారం 1972లో ఏర్పాటు చేసిన ఈ ఉద్యానవనానికి పేరు తెచ్చింది ఆ జంతువే. ఒడిశాలోని నందన్‌కానన్ నుంచి వచ్చిన తెల్లపులుల సంతతి ఇక్కడ పెరిగి పెద్దదై దేశంలోని ఇతర జంతు ప్రదర్శనశాలలకు కూడా చేరింది. చారలకు దక్కిన ఈ వైభవం ముక్కులకు మాత్రం దక్కలేదు. ఏనుగు సంగతే తీసుకుంటే, దాన్ని జూలలో ఉంచరాదని, అటవీ శిబిరాలకు తరలించాలని కేంద్ర జూ అథారిటీ 2009 నవంబర్‌లోనే నిర్ణయించింది. తిరగడానికి అంత తక్కువ చోటు ఇవ్వడం ఆ జంతువుకు శిక్షేనన్నది అథారిటీ వాదన.

అయినా తొండాలు, మూతులు ఉన్న జీవులతో ఈ ఉక్కునగరానికి తెగని సంబంధం ఉంది. అది బోను చువ్వల మధ్య నుంచి చూసే సంబంధం కాదు. గత కొన్నేళ్లలో ఆ జీవులే నగరాన్ని, నగరం ఖనిజమూ నీరూ తెచ్చుకునే అడవుల్లోని పల్లెలను వెతుక్కుంటూ వచ్చాయి.

వాటిలో అన్నింటికన్నా చిన్న తొండం చేసిన నష్టమే నగరానికి బాగా గుర్తుంది. 2018 ఆగస్టులో భిలాయ్‌లో డెంగీ విరుచుకుపడింది. వేల మంది జ్వరంతో ఆస్పత్రుల ముందు వరుస కట్టారు. కొన్ని వారాల్లోనే పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఎక్కువగా దెబ్బతిన్న బస్తీల్లో ఖుర్సీపార్ ఒకటి. తెలుగువారికి ఆ పేరు కొత్తేమీ కాదు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి కర్మాగార నిర్మాణం మొదలయ్యాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి రైలెక్కి వచ్చిన కూలీలు, కార్మికుల కుటుంబాలు స్థిరపడిన చోట్లలో అదొకటి. మూడో తరం పిల్లలు ఇంట్లో ఉత్తరాంధ్ర యాస తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీ మాట్లాడతారు.

మన పాఠ్యపుస్తకాలు దోమ నోటిని కూడా తొండమనే అంటాయి. ఆ మాట తప్పేమీ కాదు. పైకి ఒకే సూదిలా కనిపించే ఆ అవయవం నిజానికి ఒక ఒర. అందులో ఆరు సన్నని సూదులుంటాయి. రెండు రంపంలా చర్మాన్ని కోస్తాయి, రెండు ఆ చీలికను విప్పి పట్టుకుంటాయి, ఒకటి లాలాజలాన్ని లోపలికి వదులుతుంది, మరొకటి రక్తాన్ని పీలుస్తుంది. డెంగీ వైరస్ దిగేది లాలాజలంతోనే. గుడ్లు పెట్టడానికి రక్తం కావాల్సింది ఆడదోమకు మాత్రమే. మగదోమ పూల మకరందంతో సరిపెట్టుకుంటుంది. డెంగీని మోసే దోమ మురుగును కాదు, నిలవ ఉన్న మంచినీటినే కోరుకుంటుంది. పగటిపూట కుడుతుంది. భిలాయ్‌లో దానికి కావలసినంత నీరు దొరికింది. మే నెల ఎండలకు ఇంటింటా బిగించిన కూలర్లు వానాకాలం వచ్చినా తొట్టెల్లో నీళ్లతో అలాగే ఉండిపోతాయి. కుళాయి రాని బస్తీల్లో డ్రమ్ములు, కుండలు సరేసరి.

ఇక్కడే నగరం పాలన తీరు కూడా బయటపడింది. చెట్ల నీడన సెక్టార్లుగా తీర్చిన టౌన్‌షిప్ కర్మాగారం చేతిలో ఉంటుంది. దాని అంచున పెరిగిన బస్తీలు నగరపాలక సంస్థ చేతిలో ఉంటాయి. ఒకవైపు పొగమందు కొట్టి మరోవైపు కొట్టకపోతే ఫలితం ఏమిటో చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. దోమకు సరిహద్దు తెలియదు. అది శాసనసభ ఎన్నికల ఏడాది కావడంతో మంత్రులు, ప్రతిపక్ష నేతలు ఖుర్సీపార్‌కు వరుసగా వచ్చివెళ్లారు. కూలర్ తొట్టెలు ఖాళీ చేయించడం మాత్రం ఆరోగ్య కార్యకర్తల మీద, ఇళ్లలోని ఆడవాళ్ల మీద పడింది.

నగరం దాటి దక్షిణంగా వెళితే తొండాల పరిమాణం పెరుగుతుంది. దుర్గ్ నుంచి బాలోద్ మీదుగా దల్లీ రాజ్‌హరాకు వెళ్లే రైలు మార్గం భిలాయ్‌కి జీవనాడి. ఆ ఎర్రటి కొండల ఇనుప ఖనిజంతోనే 1959 ఫిబ్రవరిలో నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మండింది. నీరు కూడా ఆ దిక్కు నుంచే వస్తుంది. బాలోద్ దగ్గరి తాండులా జలాశయం, మహానది మీది గంగ్రేల్ ఆనకట్ట కాలువల ద్వారా కర్మాగారం దాహం తీరుస్తాయి. రాజ్‌హరాలో మేలైన ఖనిజం తరిగిపోతుండడంతో కర్మాగారం చూపు ఇంకా దక్షిణాన, కాంకేర్-నారాయణ్‌పూర్ అడవుల్లోని రావ్‌ఘాట్ మీద పడింది. రైలు పట్టాలు కూడా అటే సాగుతున్నాయి. ఒకవిధంగా భిలాయ్‌దీ తొండమే. కూర్చున్న చోటు నుంచి కదలకుండా వంద కిలోమీటర్ల అవతలి మేత అందుకుంటోంది.

ఆ దారిలో మొదట ఎదురయ్యేది ఎలుగుబంటి. 18వ శతాబ్దం చివర్లో దీని చర్మాన్ని చూసిన ఐరోపా జీవశాస్త్రజ్ఞుడు పొడవాటి గోళ్లను బట్టి ఇది దక్షిణ అమెరికా చెట్లకు వేలాడే స్లాత్ జాతిదని పొరబడ్డాడు. ఇంగ్లిష్‌లో ఆ పేరే ఇప్పటికీ మిగిలింది. నిజానికి ఇందులో సోమరితనం ఏమీ లేదు. దీని మూతి చెదపురుగులు తినడానికే తయారైన పనిముట్టు. పైదవడలో ముందు పళ్లు రెండు ఉండవు. గోళ్లతో పుట్టను తవ్వి, ముక్కు రంధ్రాలు మూసుకుని, పెదవులను గొట్టంలా ముందుకు చాచి, ముందు దుమ్మును ఊదేసి ఆపై పురుగులను పీల్చేస్తుంది. ఆ చప్పుడు నిశ్శబ్దమైన అడవిలో వంద మీటర్ల అవతలికీ వినిపిస్తుంది. చెదలు లేనప్పుడు తేనె, రేగు, తునికి పండ్లు తింటుంది. వేసవి మొదట్లో మాత్రం దీని ఆశంతా ఇప్పపువ్వు మీదే.

చిక్కు వచ్చేది అక్కడే. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే రాలే ఇప్పపువ్వును ఏరుకోవడానికి ఆదివాసీ స్త్రీలు చీకట్లోనే చెట్ల కిందకు చేరతారు. అదే చెట్టు కిందకు అదే వేళకు ఎలుగు కూడా వస్తుంది. ఉత్తర బిలాస్‌పూర్ అటవీ డివిజన్‌లో 1998 ఏప్రిల్ నుంచి 2000 డిసెంబర్ వరకు జరిపిన ఒక అధ్యయనం 137 ఎలుగు దాడులను నమోదు చేసింది. వాటిలో 11 మంది చనిపోయారు. బతికినవారిలో ఎంతోమందికి ముఖం మీది గాయాలు జీవితాంతం మిగిలిపోయాయి. భయపడితే ఎలుగు వెనకడుగు వేయదు. రెండు కాళ్ల మీద లేచి మనిషి ముఖానికే గురిపెడుతుంది.

కాంకేర్ పట్టణంలో ఎలుగులు వీధుల్లోకి రావడం మామూలైంది. వాటిని కొండ మీదే ఉంచడానికి జామవంత్ పేరుతో పండ్ల చెట్లు నాటే పథకం పెట్టారు. రామాయణంలోని జాంబవంతుడు సలహాదారు. ఈ పథకం సలహాను మాత్రం ఎలుగులు వినలేదు. ఊళ్లో సులువుగా దొరికే తిండిని వదిలి అవి కొండెక్కలేదు. మహాసముంద్ జిల్లా ఘుంచాపాలిలోని చండీమాత ఆలయంలో ఇంకో చిత్రం కనిపిస్తుంది. సాయంత్రం వేళ అడవి ఎలుగులు గుడి దగ్గరకు వచ్చి ప్రసాదం తిని వెళతాయి. భక్తులు దాన్ని అమ్మవారి మహిమ అంటారు. సెల్‌ఫోన్ వీడియోలు ఆ మహిమను రాష్ట్రాలు దాటించాయి. మనిషి చేతి తిండికి అలవాటుపడిన ఎలుగు పక్క ఊరి ఇంటి తలుపు ఎందుకు తడుతోందన్న ప్రశ్న మాత్రం ఆ వీడియోల్లో కనిపించదు.

ఇదే చెదల మేత మీద బతికే మరో జీవి అలుగు. దానికి అసలు పళ్లే ఉండవు. మూతి నుంచి బయటకు చాచే జిగురు నాలుక మొదలు ఛాతీ అడుగున, చివరి పక్కటెముకల దగ్గర ఉంటుంది. ప్రమాదం వస్తే బంతిలా చుట్టుకుంటుంది. సింహం నుంచి కాపాడే ఈ ఉపాయం మనిషికి మాత్రం దాన్ని సంచిలో వేసుకోవడం తేలిక చేసింది. పొలుసుల కోసం బస్తర్‌లో పట్టుబడుతున్న కేసులు ఆగలేదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించే నిర్ణయం 2017 జనవరిలో అమల్లోకి వచ్చినా అదే పరిస్థితి.

ఏనుగు కథ వీటన్నిటికన్నా పెద్దది, పాతది కూడా. అక్బర్ కాలపు ఐన్-ఇ-అక్బరీ అడవి ఏనుగులు దొరికే చోట్లను లెక్కిస్తూ రతన్‌పూర్, సర్గుజా, బస్తర్ పేర్లు చెబుతుంది. అంటే నేటి ఛత్తీస్‌గఢ్ ఏనుగుల సీమే. 20వ శతాబ్దం తొలినాళ్లకు అవి ఇక్కడ కనుమరుగయ్యాయి. మళ్లీ 1980ల చివర్లో నాటి బీహార్ వైపు నుంచి సర్గుజాలోకి అడుగుపెట్టాయి. 1993లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆపరేషన్ జంబో పేరుతో కొన్నింటిని పట్టి బంధించి సమస్య తీరిందనుకుంది. 2000 నవంబర్‌లో కొత్త రాష్ట్రం ఏర్పడేసరికి గుంపులు మళ్లీ వచ్చేశాయి. గనులతో, కోతలతో చెదిరిన ఝార్ఖండ్, ఒడిశా అడవుల నుంచి వచ్చిన శరణార్థులవి. 2017 గణనలో ఛత్తీస్‌గఢ్‌లో 247 ఏనుగులు లెక్కకు వచ్చాయి. పేడలోని డీఎన్ఏ ఆధారంగా చేసి 2025 అక్టోబర్‌లో వెలువరించిన అంచనా 451 అని చెప్పింది. పద్ధతులు వేరు కాబట్టి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పెరుగుదల ఇంత అనడం కుదరదు. 2021లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా చెప్పిన మాట అసలు తీవ్రతను పట్టిస్తుంది. దేశంలోని ఏనుగుల్లో ఛత్తీస్‌గఢ్ వాటా దాదాపు 1 శాతం. ఏనుగుల వల్ల మనుషులు చనిపోయే ఘటనల్లో దాని వాటా 15 శాతం పైమాటే.

ఎందుకిలా? జవాబు తొండంలోనే ఉంది. ఎముక లేని ఈ అవయవంలో 40 వేలకు పైగా కండరాలున్నాయంటారు. దుంగను లేపే బలం, గింజను ఏరే నేర్పు రెండూ దానికి ఉన్నాయి. కానీ పల్లెకు ముప్పు తెచ్చేది దాని బలం కన్నా వాసన పసిగట్టే శక్తే. 2014లో జపాన్ శాస్త్రవేత్తల బృందం ఆఫ్రికా ఏనుగులో వాసనను గుర్తించే జన్యువులు దాదాపు 2 వేలున్నాయని తేల్చింది. కుక్కతో పోలిస్తే రెట్టింపు, మనిషితో పోలిస్తే అయిదు రెట్లు. ఆసియా ఏనుగుదీ అలాంటి ముక్కే. ఛత్తీస్‌గఢ్ పల్లెలో మట్టి గోడ వెనక నిలవచేసిన వడ్లు, ఆరబెట్టిన ఇప్పపువ్వు, కుండలో పులుస్తున్న సారా దానికి దూరం నుంచే పిలుపులు. రోజుకు 150 కిలోల మేత కావాల్సిన జంతువు ఒక గోడ కూల్చితే ఒక రాత్రి తిండి దొరుకుతుందని తెలిశాక గోడలు కూల్చకుండా ఎలా ఉంటుంది? గోడ పక్కన ఎవరు నిద్రపోతున్నారన్నది దాని లెక్కలో ఉండదు.

2020 నుంచి ఈ ముప్పు భిలాయ్ ఇరుగుపొరుగుకూ వచ్చింది. మహాసముంద్, గరియాబంద్ అడవుల మీదుగా సాగిన గుంపును అటవీశాఖ దాని పెద్ద ఆడ ఏనుగు పేరుతో చందా దళం అని పిలిచింది. ఆ గుంపు ధమ్తరి దాటి బాలోద్ జిల్లాలోకి, గనుల పట్టణం దల్లీ రాజ్‌హరా చుట్టుపక్కలకు చేరింది. ఏనుగును చూసి తరాలు గడిచిన ఊళ్లవి. ఏం చేయాలో పెద్దలకూ తెలియదు. కొందరు సెల్‌ఫోన్లు పట్టుకుని వెంటపడ్డారు. మరికొందరు రాత్రంతా డాబాల మీద గడిపారు. ప్రాణనష్టం జరిగాక గానీ దూరం పాటించడం అలవాటు కాలేదు.

ఏనుగులకూ ఈ నేల కొత్తే. 2020 జూన్‌లో ధమ్తరి జిల్లాలో గంగ్రేల్ నీటి అంచు బురదలో కూరుకుపోయి ఒక గున్న చనిపోయింది. భిలాయ్ కొలిమికి నీరిచ్చే జలాశయమే అది. ఆ నెలలోనే పది రోజుల వ్యవధిలో రాష్ట్రంలో ఆరు ఏనుగులు మరణించాయి.

ఏనుగుల చావుల వెనక చాలాసార్లు మరో మూతి ఉంటుంది. అది అడవిపందిది. దుంపల కోసం నేలను దున్నినట్టు చిమ్మే ఆ మూతి ఒక్క రాత్రిలో మడి చెక్కను పాడుచేస్తుంది. దాన్ని ఆపడానికి, కొన్నిచోట్ల మాంసం కోసం, రైతులు కరెంటు స్తంభం నుంచి దొంగతీగ లాగి పొలం చుట్టూ పరుస్తారు. ఆ తీగకు తగిలేది పందే కానక్కర్లేదు. ఏనుగు కావచ్చు, చీకట్లో నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క పొలం రైతూ కావచ్చు. విద్యుత్ సంస్థల బాధ్యతా తక్కువ కాదు. 2024 అక్టోబర్‌లో రాయగఢ్ జిల్లాలో 11 కేవీ లైను తగిలి ఒకేసారి మూడు ఏనుగులు చనిపోయాయి.

రైతును తప్పుపట్టే ముందు ఒక లెక్క చూడాలి. 2023 ఎన్నికల హామీ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఎకరాకు 21 క్వింటాళ్ల ధాన్యాన్ని క్వింటాలుకు 3,100 రూపాయల చొప్పున కొంటానంది. అంటే ఎకరాకు 65,100 రూపాయలు. ఏనుగు తొక్కిన పంటకు పరిహారం మాత్రం ఏళ్ల తరబడి ఎకరాకు 9 వేల రూపాయల దగ్గరే ఉండిపోయింది. ధాన్యం ధరతో ఎన్నికలు గెలుస్తారు. పరిహారం ధరతో గెలిచినవారు లేరు. పైరు దగ్గర కాపలా పడుకునే రైతు తన ప్రాణాన్ని ఒడ్డుతున్నది ఆ రెండు అంకెల మధ్య తేడా కోసమే.

ప్రభుత్వం ఏమీ చేయలేదనలేం. 2018 జనవరిలో కర్ణాటక నుంచి అయిదు కుంకీ ఏనుగులను మహాసముంద్‌కు తెప్పించారు. 2005లోనే శాసనసభ తీర్మానించిన లెమ్రూ ఏనుగుల రిజర్వ్‌ను 2021 అక్టోబర్‌లో 1,995 చదరపు కిలోమీటర్లతో నోటిఫై చేశారు. నడుమ గడిచిన 16 ఏళ్లలో ఆ అడవుల కింది బొగ్గు మీద జరిగిన పంచాయితీ అందరికీ తెలిసిందే. రిజర్వ్ ఉత్తరాన కోర్బా వైపు ఉంది. దక్షిణానికి నడిచిన ఏనుగులకు ఆ నోటిఫికేషన్ చేరలేదు.

అవి ఛత్తీస్‌గఢ్‌తోనూ ఆగలేదు. 2021లో ఒక గుంపు పశ్చిమ సరిహద్దు దాటి మహారాష్ట్రలోని గడ్చిరోలిలోకి ప్రవేశించింది. ఆ గుంపు నుంచి విడిపోయిందని భావించిన ఒక మగ ఏనుగు 2024 ఏప్రిల్ మొదట్లో ప్రాణహిత దాటి తెలంగాణలోకి, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఏనుగంటే గుళ్లో, సర్కస్‌లో చూడడమే తప్ప ఎరగని ఆ పల్లెల్లో రెండు రోజుల వ్యవధిలో ఇద్దరు రైతులను చంపి వెనక్కి మళ్లింది. అటు తూర్పున ఒడిశాలోని లఖేరీ అడవుల నుంచి దిగిన గుంపు 2018 నుంచి శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం పల్లెల్లో తిరుగుతోంది. 2023 మేలో భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు షాక్‌తో చనిపోయాయి.

దీంతో ఖుర్సీపార్‌లోని తెలుగువారికి ఏనుగు రెండు వైపుల నుంచీ చుట్టమైంది. సంక్రాంతికి వెళ్లే సొంత ఊరి చెరకు తోటల్లో అదే, కర్మాగారానికి ఖనిజం వచ్చే కొండల్లోనూ అదే. వినాయక చవితికి వీధివీధినా నిలబెట్టే బొమ్మ సంగతి సరేసరి. కర్మాగారం చేసే రైలు పట్టాలు కూడా ఈ కథలో ఉన్నాయి. భారతీయ రైల్వేకు ప్రధానంగా పట్టాలు అందించేది భిలాయే. ఝార్ఖండ్‌లో, ఒడిశాలో, బెంగాల్‌లో ఏనుగులు రైళ్లకు ఢీకొని చనిపోతున్నది అలాంటి పట్టాల మీదే.

అడవి అంచు పల్లెలకు ప్రస్తుతానికి బాగా పనికొచ్చినవి ఖరీదైన ఏర్పాట్లేమీ కావు. ఉదంతీ-సీతానది అభయారణ్యంలో 2023 నుంచి ఏనుగుల జాడను గ్రామస్తుల ఫోన్లకు పంపే యాప్ వాడుతున్నారు. జాడ తీసేది ఆ ఊళ్ల యువకులే. వాళ్లకు హాథీ మిత్ర దళం అని పేరు. అంతకుముందే ఆకాశవాణి 'హమర్ హాథీ హమర్ గోఠ్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మా ఏనుగు, మా మాట అని దాని అర్థం. వాతావరణ వార్తల్లాగే సాగుతుంది. ఏ డివిజన్‌లో, ఏ ఊరి పక్క అడవిలో ఎన్ని ఏనుగులున్నాయో చెబుతారు. ఆ దారిలో రాత్రి వెళ్లవద్దని, సారా, ఇప్పపువ్వు ఇంట్లో ఉంచవద్దని హెచ్చరిస్తారు. సాయంత్రం పొయ్యి రాజేసే వేళకు ఆ ఊళ్ల పేర్లు విని, ఆ రాత్రి పడక ఇంట్లోనా, పంచాయతీ భవనం డాబా మీదా అన్నది తేల్చుకుంటారు.